రెండో లెక్క

పడమటి గాలి నెల, 3వ రోజు
ప్రాసెసర్ వేగం 3.6. వేడి 61. రెండు లెక్కలూ సరిపోయాయి. జెండా పదకొండింటికి.

ఈ పుస్తకంలో అంకెలు రాస్తే చాలు, కబుర్లు అక్కర్లేదని పోయిన నెల చదివినప్పుడు సంఘం వాళ్ళు అన్నారట. కబుర్లు లేకపోతే నాకు చెయ్యి ఆడదు. ఇష్టం లేనివాళ్ళు అంకెలు చూసుకుని పుస్తకం మూసెయ్యండి.

సంఘం పెద్ద యర్రయ్య పొద్దున్నే వచ్చి గడపలోనే నిలబడ్డాడు. రేపటి నుంచి జెండా తొమ్మిదిన్నరకల్లా ఎగరాలన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సముద్రం మీద తేలే కొలత బుడ్లు పంపిన గాలి, కెరటం, వేడి తెల్లవారుజామున మూడింటికి మా కంప్యూటర్‌లోకి వస్తాయి. సాయంత్రం దాకా గాలి ఎలా ఉంటుందో లెక్క కట్టడానికి దానికి నాలుగు గంటలు. అదే లెక్క మొదటి నుంచి మళ్ళీ కట్టడానికి ఇంకో నాలుగు. రెండూ ఆఖరి అంకె దాకా సరిపోతేనే కొండ మీద తెల్లజెండా. సరిపోకపోతే ఆ రోజు పడవ కదలదు. ఇందులో నేను తొందరపెట్టగలిగింది ఏముంది?

ఉంది, నీకు తెలుసు అన్నాడు యర్రయ్య. తెలుసు మరి. ప్రాసెసర్ వేగం పెంచవచ్చు.

అతని బాధా అబద్ధం కాదు. చేపలు దూరం పోయాయి. మునిగిన పట్నం దాటి ఇంకో గంటన్నర వెళితే గానీ వలలో ఏమీ పడటం లేదు. తిరుగు దారిలో వెలుతురుండగానే పట్నం దాటాలి, లేకపోతే నీళ్ళ కింద మేడల కొసలు కనపడక పడవ అడుగు చీలిపోతుంది. పదకొండింటికి బయల్దేరితే వెళ్ళిరావడానికే పొద్దు చాలడం లేదు. కొండ మీద మూడు వందల గడపలు. నెల రోజులుగా అందరిళ్ళలోనూ పెసర గంజే. మా ఇంట్లో అయితే గంజితో పాటు మా అమ్మాయి బంగారి సణుగుడు కూడా. అది ఏడో నంబరు పడవని నడిపే సరంగు, ఖాళీగా కూర్చోబెడితే ఇల్లు పీకి పందిరేస్తుంది.

ఒక్కో మెట్టే పెంచుతాను, ఎక్కడ పరీక్ష తప్పితే అక్కడే ఆగుతానని చెప్పి పంపేశాను. చిప్పులు తయారుచేసే చోట్లన్నీ మా అమ్మ పుట్టకముందే మూతపడ్డాయి. మా దగ్గర మిగిలినవి రెండు. ఒకటి మిషన్‌లో ఉంది, ఒకటి డబ్బాలో గుడ్డ చుట్టి ఉంది. మూడోది కూడా ఉండేది. నాకు ముందు ఈ గదిలో ఉన్నాయన, ఇప్పుడు లేడు, ఒక్క పూటలో వేగం పెంచెయ్యాలని వోల్టేజీ దంచి దాన్ని కాల్చేశాడు.

5వ రోజు
వేగం 3.8. వోల్టేజీ ముట్టుకోలేదు. వేడి 64.

ముందు ఇల్లు సర్దుకోవడం. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము బ్రష్షుతో దులిపాను. హీట్ సింక్ ఊడదీసి, ఎండిపోయిన పాత పేస్ట్ గీకి, మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త పేస్ట్ పెసరగింజంత పెట్టి మళ్ళీ బిగించాను. ఇదొక్కటి చేసినందుకే వేడి నాలుగు డిగ్రీలు దిగింది. ఆ తర్వాతే వేగం మీద చెయ్యి వేశాను.

పరీక్ష అప్పలసూరి మావది. పరీక్ష రోజు గాలి లెక్క ఉండదు, పడవలు కదలవు. పన్నెండు గంటలు ప్రాసెసర్‌కి ఊపిరి ఆడనంత పని ఇచ్చి, జవాబులు సరిగ్గా వస్తున్నాయో లేదో పక్కనే కూర్చుని గంట గంటకీ రాస్తాడు. వేగం పెంచిన మనిషి పరీక్ష జరిగే గదిలో ఉండకూడదు. ఇది మావ పెట్టిన కట్టుబాటే. తన చేత్తో పెంచినవాడికి తప్పు కనపడదు, కనపడినా ఒప్పుకోబుద్ధి కాదు అంటాడు. నాకు పదహారేళ్ళప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది ఆయన. ఇప్పుడు నాకు నలభై ఎనిమిది, ఆయనకి డెబ్బై నాలుగు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన సంతకాన్ని నేను తిరగేసి చూడలేదు.

సాయంత్రం తలుపు తీసుకుని బయటికొచ్చి తల ఊపాడు. పాసైంది.

9వ రోజు
వేగం 4.2. వోల్టేజీ 1.26. వేడి 74. జెండా పదింటికి పది నిమిషాల ముందు.

మధ్యలో 4.0 దగ్గర మిషన్ ఒకసారి తెర నల్లబడి ఆగిపోయింది. వోల్టేజీ పిసరంత పెంచితే నిలబడింది. నాకైతే ఇక్కడే ఆగాలని ఉంది. ప్రాసెసర్ ఎనభై అయిదు డిగ్రీలు దాటకూడదు, ఇంకా పదకొండు చేతిలో ఉన్నాయి. వయసు మళ్ళిన ప్రాణానికి ఆ మాత్రం ఖాళీ ఉంచాలి.

ఇంట్లో మాత్రం రణరంగం. తొమ్మిదిన్నర దాటి ఇరవై నిమిషాలేగా, అందులో ఏముందే అన్నందుకు బంగారి కంచం పక్కకి తోసేసింది. మూడో నంబరు పడవ నిన్న చీకటి పడ్డాక పట్నం మీదుగా వచ్చి గీరుకుపోయిందట. ఆ ఇరవై నిమిషాలు వెలుతురులో ఉండి ఉంటే గీరుకునేది కాదంది. దాని మాటలో నిజముంది. నిజముందని ఒప్పుకోకుండా చాలాసేపు అరిచాను.

12వ రోజు
వేగం 4.4. వోల్టేజీ 1.32. వేడి 83.

పెంచాను. చివరికి బంగారి మాటే నెగ్గింది.

వేడి హద్దులోనే ఉంది కాబట్టి నా భయం వేడి గురించి కాదు. వేడెక్కితే అంకె కనపడుతుంది, కాలిపోతే వాసన వస్తుంది. వేగానికి తగిన వోల్టేజీ చాలకపోతే ప్రాసెసర్ పైకి మామూలుగానే నడుస్తూ, కోటి లెక్కల్లో ఒకటి తప్పు చేస్తుంది. ఎక్కడ చేసిందో చెప్పదు. ఆ తప్పు గాలి లెక్కలో పడితే తుఫాను రోజున ఎండ కాస్తుందని చూపిస్తుంది. రెండో లెక్క పెట్టింది అందుకే. ఒకే తప్పు రెండుసార్లు ఒకేచోట జరగదు.

వోల్టేజీ ఇంతకన్నా ఇస్తే వేడి హద్దు దాటుతుంది. అంటే ఇదే ఆఖరు. పరీక్ష తప్పిందా, మాట్లాడకుండా 4.2కి దించేస్తాను, యర్రయ్య వచ్చి గోల చేసినా సరేనని మావకి చెప్పి గది బయటికి వచ్చేశాను. పొద్దున్న అయిదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా అరుగు మీద కూర్చుని పాత తీగలు చుట్టలు చుట్టాను. మధ్యాహ్నం దాటాక బంగారి మావకి గంజి పట్టుకుని లోపలికెళ్ళింది. చాలాసేపటికి గాని రాలేదు. ముసలాయనకి తోడు కూర్చుందని మురిసిపోయాను.

అయిదింటికి మావ వచ్చి కాగితం నా చేతిలో పెట్టాడు. పన్నెండు గంటలు, పన్నెండు గీతలు, కింద సంతకం. "పాసైందమ్మా" అన్నాడు. నా మొహం చూడలేదు. అలిసిపోయాడనుకున్నాను.

20వ రోజు
వేగం 4.4. వేడి 82. సరిపోయాయి. జెండా తొమ్మిదిన్నరకి.

వారం రోజులుగా కొండంతా చేపల కూర వాసన. దారిలో ఆడవాళ్ళు నన్ను ఆపి చేతులు పట్టుకుంటున్నారు. నా పేరు చెప్పి ఎవరో పిల్లకి రత్నమని పెట్టారట. అబద్ధమెందుకు, బాగానే ఉంది.

ఒక్క సంగతి మాత్రం గుచ్చుతోంది. మొన్న లెక్క పడమటి గాలి అంది, వచ్చింది నైరుతి గాలి. నిన్న వాన లేదంది, జల్లు పడింది. చిన్నవే. మావని అడిగితే, రెండు లెక్కలూ సరిపోయాక ఇంకా తప్పంటే అది మిషన్ తప్పు కాదు, సముద్రం తప్పు అన్నాడు. రోజూ రెండో లెక్క చూసి జెండా ఎగరేసేది ఆయనే కదా. ఆయన మాట నమ్మాను.

24వ రోజు, ఉదయం 10.20
వేగం 3.6కి దించేశాను.

ఏడూ పదికి గాలిమర పట్టీ తెగి కరెంటు పోయింది. నేనే పైకెక్కి కొత్త పట్టీ వేసి దిగేసరికి ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. నలభై నిమిషాలు మిషన్ చచ్చి పడుంది, కరెంటు రాగానే లెక్క ఆగినచోటి నుంచే అందుకుంటుంది. అంటే రెండో లెక్క పదింపావుకి గాని ముగియదు. జెండా ఆలస్యమవుతుంది, బంగారి చేత తిట్లు తినాలి అనుకుంటూ గాలిమర కింది పట్టీలన్నీ కూడా బిగించి, గ్రీజు కడుక్కుని గదికి వచ్చాను. అప్పటికి తొమ్మిది ముప్పావు.

కొండ మీద జెండా ఎగురుతోంది. మాకు మిగిలిన అయిదు పడవలూ వెళ్ళిపోయాయి. బల్ల మీద కాగితం ఉంది: రెండు లెక్కలూ సరిపోయాయి, తొమ్మిదీ ముప్పై మూడు.

ముగియని లెక్క ఎలా సరిపోయింది?

తెరిచి చూశాను. రెండో లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. మావ వేళకి మొదటి లెక్కనే తీసి పేరు మార్చి రెండోదని పక్కన పెట్టేలా మిషన్‌కి చెప్పి ఉంచాడు. పన్నెండు రోజులుగా అదే జరుగుతోంది. అసలైన రెండో లెక్కలు లోపల అలాగే పడున్నాయి. మొదటి దానితో పోల్చి చూశాను. ముగిసిన పదకొండింటిలో అయిదు సరిపోలేదు.

మావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నేను ఏం చూస్తున్నానో ఆయనకి తెలుసు. పరీక్ష నిజంగా పాసైందా అని అడిగాను.

"నేదు," అన్నాడు. "తొమ్మిదో గంటలో తప్పింది. మరింక అవలేదు."

"మరి సంతకం?"

"పెట్టీసేను."

ఎందుకని అడిగాను. చెప్పలేదు. ముప్పై రెండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. కొట్టాలనిపించింది. కొట్టలేదు, వేగం దించి లెక్క మొదటి నుంచి మొదలుపెట్టాను. ఒక లెక్క ముగిసేసరికే మధ్యాహ్నం రెండుంపావు దాటుతుంది.

ఉదయం 11.15

యర్రయ్య ఇంటికి పరిగెత్తాను. పడవల్ని వెనక్కి పిలవాలంటే కొండ కొమ్ము మీద నల్లపొగ వెయ్యాలి. తుఫాను ఉందా అని అడిగాడు. తెలియదన్నాను. లేదా అని అడిగాడు. అదీ తెలియదన్నాను. తెలియని దానికి పొగ వేస్తే రేపు నిజం పొగని ఎవరు నమ్ముతారన్నాడు. మాట సరైనదే. నా బిడ్డ అక్కడుంది, సరైన మాటతో నాకేం పని?

పాత వలలూ తారుపీపా ఈడ్చుకెళ్ళి నేనే ముట్టించాను. నన్ను లాగబోయిన ఇద్దర్ని గరిటెతో బెదిరించాను. తారు కలిపే ఇనప గరిటె లెండి.

మధ్యాహ్నం 2.20

లెక్క వచ్చింది. మూడున్నరకి నైరుతి నుంచి పెనుగాలి. పొద్దున్న ఇచ్చిన లెక్కలో ఈ గాలి జాడే లేదు.

పొగ చూసి మూడు పడవలు వచ్చేశాయి. నాలుగోది కనపడుతోంది. ఏడో నంబరు కనపడటం లేదు. అందరికన్నా దూరం వెళ్ళేది అదే, దాని సరంగు అలాంటిది.

24వ రోజు, పొద్దు వాలే వేళ

వచ్చింది. పడవకి తెరచాప లేదు, ఎడమ పక్క చీలి ఉంది. బంగారి నీళ్ళలో దిగి తాడు లాక్కొచ్చింది. దాన్ని పట్టుకుని ఏడ్చాను. తర్వాత లెక్కపెట్టుకుంటే నలుగురిలో ముగ్గురే ఉన్నారు. పట్నం మీద మేడ కొస తగిలినప్పుడు గరగయ్య పడిపోయాడు. గరగయ్యకి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది నా కొంగు పట్టుకుని, నాన్న వెనకాల ఈదుకుంటూ వస్తున్నాడా అని అడిగింది.

25వ రోజు
వేగం 3.6. జెండా లేదు.

సంఘం కూర్చుంది. అప్పలసూరి మావ ఎవరూ అడక్కముందే లేచి, పరీక్ష తప్పిందని తెలిసీ సంతకం పెట్టింది తానేనని, లెక్క మార్చింది తానేనని, ఇందులో రత్నానికి గానీ ఇంకెవరికి గానీ సంబంధం లేదని చెప్పాడు. దొంగ సంతకానికి శిక్ష ఒకటే, కొండ దింపడం. కింద ఉప్పుమడుల్లో బతకాలి. మంచినీళ్ళకి రెండు రోజులు నడవాలి. ఆ వయసులో అంటే నెల కూడా బతకడు, అది అందరికీ తెలుసు. మూడో రోజున దింపుతామన్నారు.

ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు నేను. గరగయ్య పెళ్ళాం కళ్ళెదుటే కూర్చుంది. ఎవరు ఏం చేసినా తట్టుకుంటాను గానీ, చెయ్యి పట్టి పని నేర్పినవాడు, నన్ను గది బయట కూర్చోబెట్టి లోపల నన్ను మోసం చేశాడు. నేను ఆయన కట్టుబాటుని దేవుడి మాటలా పాటించి అరుగు మీద తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాను. నా పేరు మీద పిల్ల పుట్టింది, నా జెండా కింద మనిషి పోయాడు. దింపెయ్యనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

27వ రోజు
వేగం 3.6. వేడి 60. రెండు లెక్కలూ సరిపోయాయి, నేనే చూశాను. జెండా పదకొండింటికి.

ఇది సాయంత్రం సంఘానికి పంపాల్సిన పుటలు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్న గంజి తాగుతూ అప్పలసూరి మావని నోటికొచ్చినట్టు తిడుతున్నాను. బంగారి రెండు రోజులుగా తిండి తినడం లేదు, మాట్లాడటం లేదు. గరగయ్య బెంగ అనుకుని నేనూ కదపలేదు. ఉన్నట్టుండి, "మావని తిట్టకమ్మా," అంది. "ఆయన తప్పిందనే రాసేడు. కాగితం మీద రాసీసేడు కూడాను. నేనే చింపీసేను."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది.

ఆ రోజు గంజి పట్టుకెళ్ళింది కదా, అప్పటికి తొమ్మిదో గంట తప్పి, మావ పరీక్ష ఆపేసి నన్ను పిలవబోతున్నాడట. బంగారి తలుపుకి అడ్డం నిలబడింది. 4.2కి దించితే జెండా ఉన్నా లేకపోయినా తొమ్మిదిన్నరకి పడవ తీసేస్తానంది. నువ్వు ఆపినా తీస్తాను, మా అమ్మ ఆపినా తీస్తాను, గాలి లెక్కే లేకుండా వెళతాను, అప్పుడు నేను పోతే నీ పరీక్ష వల్లే పోయినట్టు అంది. దాన్ని తొమ్మిది నెలల పిల్లప్పటి నుంచి భుజాన మోసిన మనిషి ఆయన. ఏ లెక్కా లేకుండా వెళ్ళే కన్నా సగం లెక్కతో వెళ్ళడం నయమనుకున్నాడేమో. రెండో లెక్క సరిపోకపోతే ఎలాగన్నాడట. మొదటిదే రెండుసార్లు చూపించు, ఎవరు చదువుతారు మావా అని బంగారే ఉపాయం చెప్పింది.

అంటే తల్లినైన నేను ఆ తలుపు అవతలే ఉన్నాను. నా కూతురు ముసలాయనకి తోడు కూర్చుందని మురిసిపోతూ ఉన్నాను.

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. మావతో పాటు నువ్వూ సంఘం ముందు నిలబడి ఈ మాటే చెప్పమన్నాను. అది తల అడ్డంగా ఊపింది.

"ఆయన ఒప్పీసుకున్నాడు కదమ్మా. డెబ్బై నాలుగేళ్ళు. నాకు ఇరవై రెండు. పుస్తకంలో నా పేరు రాయకు."

నన్ను మోసం చేసినందుకు కూడా నా కూతుర్ని క్షమించేదాన్నేమో. పిల్లలు తల్లుల్ని మోసం చెయ్యక ఇంకెవర్ని చేస్తారు? కానీ తనని భుజాన మోసినవాణ్ణి ఉప్పుమడుల్లోకి దింపేస్తుంటే, ఆయన వయసు లెక్కకట్టి పక్కన కూర్చుని చూడమంటోంది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. నా దగ్గర కాదని చెప్పుకోవడానికి కూడా ధైర్యం చాలడం లేదు. మొన్న సంఘంలో నేను చేసిందీ అదే కదా.

మావ దగ్గరికి వెళ్ళాను. మూట కట్టుకుంటున్నాడు. బంగారి చెప్పేసిందన్నాను. ఆయన చేతులాగిపోయాయి. "ఆ పిల్ల పేరు రాయకు రత్నం, నాకిచ్చిన మాటనుకో," అన్నాడు. నేనేం మాటివ్వలేదు మావా, నువ్వే నా దగ్గర మాట దాచావు అన్నాను. ఆయన సంతకం ఆయనదే, దానికి ఆయన జవాబు చెప్పుకోవాలి. ఇంకొకరి వంతు కూడా మొయ్యడానికి వీల్లేదు. ఇద్దరూ నా మీద జాలిపడి నాకు అబద్ధాలు చెప్పనక్కర్లేదు.

గదికి తిరిగి వచ్చి తలుపు తెరిచే ఉంచి రాయడం మొదలుపెట్టాను. సంఘం పుస్తకాల్లో మనిషిని తల్లి పేరుతో కలిపి రాయడం మా పద్ధతి. వేరేలా రాస్తే చెల్లదు.

ఏడో నంబరు పడవ సరంగు, నూకరత్నం కూతురు బంగారమ్మ. 12వ రోజు పరీక్ష తప్పిందని తెలిసి, ఆ కాగితం చింపి, పాసైందని రాయించింది ఈమె. రెండో లెక్క అక్కర్లేదన్నది ఈమె.

రాస్తుండగానే బంగారి వచ్చి నా వెనక నిలబడింది. చదివింది. చింపుతుందేమోనని పుస్తకం మీద చెయ్యి వేసి ఉంచాను. చింపలేదు.

"నువ్వు నాకు తల్లివేనా?" అంది.

పుస్తకం దాని వైపు తిప్పి ఆ వరస మీద వేలు పెట్టి చూపించాను. రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.